లోతు తగ్గితే అల లెక్క మారుతుంది

అందరికీ నమస్కారం. సముద్రం లేని హైదరాబాద్‌లో సముద్రం గురించి వినడానికి ఇంతమంది వచ్చినందుకు చాలా సంతోషం. నిజానికి దేశానికి సునామీ హెచ్చరిక వెళ్ళేది మన ప్రగతినగర్ దగ్గరున్న ఇన్‌కాయిస్, అంటే జాతీయ సముద్ర సమాచార కేంద్రం నుంచే. 2007 నుంచీ అంతే.

2004 డిసెంబరు 26న సుమత్రా దగ్గర భూకంపం వచ్చిన రెండు గంటలకు జేసన్-1 ఉపగ్రహం బంగాళాఖాతం మీదుగా వెళ్తూ ఆ అలను కొలిచింది. నడిసముద్రంలో ఎత్తు 60 సెంటీమీటర్లకు అటూఇటూ. పడవలో ఉన్నవాళ్ళకు తెలియను కూడా తెలియదు. ఆ రోజు ఆదివారం, పౌర్ణమి. అదే అల మన కోస్తాలో స్నానాలకు దిగినవాళ్ళను లాక్కుపోయింది. ఈ మధ్యలో దానికేమైందన్నదే నేనిన్నాళ్ళుగా పట్టుకుని కూర్చున్న ప్రశ్న.

ఇదిగో, ఈ స్టీలు ట్రేలో అరంగుళం నీళ్ళు పోశాను. ఒక చివర కాస్త లేపి టక్కున దించుతున్నాను. చూశారా, అల ముందువైపు గోడలా నిలబడింది, వెనకవైపు వాలుగా ఉంది. ఇప్పుడు మూడంగుళాలు నింపి అంతే లేపుతాను. నున్నగా ఊగింది, అంతే.

పొడవాటి అల వేగం నీటి లోతును బట్టి ఉంటుంది. 4000 మీటర్ల లోతులో గంటకు 700 కిలోమీటర్ల పైచిలుకు, 10 మీటర్లలో 36. అల శిఖరం కింద నీళ్ళెక్కువ, పల్లం కింద తక్కువ. అందుకే శిఖరం ముందున్న పల్లాన్ని తరుముకొస్తుంది. నడిసముద్రంలో ఈ తేడా లెక్కలోకే రాదు. 10 మీటర్ల లోతుకొచ్చేసరికి అల రెండున్నర మీటర్లు దాటుతుంది, అంటే లోతులో పావు వంతు. రెట్టింపు అలకు రెట్టింపు ఫలితం అనే లెక్క అక్కడ చెల్లదు. నాన్‌లీనియారిటీ అంటే ఇదే.

దీన్ని కొలవడానికి ఉర్సెల్ సంఖ్య ఉంది. అల ఎత్తును పొడవు వర్గంతో గుణించి, లోతు ఘనంతో భాగించాలి. అది ఎంత పెద్దదైతే నాన్‌లీనియారిటీ అంత ఎక్కువ. పొడవు 200 కిలోమీటర్లనుకుంటే నడిసముద్రంలో అరకు లోపే వస్తుంది. అదే అల 50 మీటర్ల లోతుకు చేరితే, దాని పొడవు బాగా తగ్గినా, ఏడు వేలు దాటుతుంది!

కానీ ఇది అంచనా. అల నిజంగా నిటారైందో లేదో రికార్డే చెప్పాలి. అడుగున పెట్టిన ప్రెషర్ గేజ్‌కు సెంటీమీటరు నీళ్ళంటే దాదాపు ఒక మిల్లీబార్. ఆ గేజ్ గీసిన గీతలో 20 నిమిషాల ఊపుతో పాటు 10 నిమిషాల ఊపు కూడా కనిపించిందనుకోండి. అది రేవులో నీళ్ళు తమంతట తాము ఊగడం వల్లా రావచ్చు. పెద్ద అల నిటారవుతూ అందులోంచే ఆ చిన్న ఊపు పుడితే మాత్రం డప్పు దరువుకు అడుగు పడ్డట్టు దాని వెంటే నడుస్తుంది. ఆ జత ఎంత గట్టిదో సున్నా నుంచి ఒకటి దాకా చెప్పే కొలత బైకోహెరెన్స్.

చిక్కల్లా సునామీ నాలుగైదు ఊపుల్లో బలం చూపించేసి పోవడం. అంత చిన్న రికార్డులో కాకతాళీయంగా కూడా పెద్ద విలువ రావచ్చు. అందుకే ఒక్క గేజ్‌ను నమ్మి మాట్లాడటం నాకిష్టం లేదు. లోతు నుంచి ఒడ్డు దాకా ఒకే వరసలో గేజ్‌లుంటే, అల ఎక్కడ నిటారు కావడం మొదలైందో ఆ చోటే పట్టుకోవచ్చు.