మూడో భాగం కోసం

అందరికీ నమస్కారం. మీకు బాగా ఇష్టమైన గేమ్ గురించి మాట్లాడండి అని మీ గేమింగ్ క్లబ్ పిల్లలు అడిగారు. ఇంకా రాని గేమ్ గురించి మాట్లాడతానన్నాను. హాఫ్ లైఫ్ అనే షూటింగ్ గేమ్‌కు మూడో భాగం, హాఫ్ లైఫ్ 3. ఇవాళ, ఈ 2024 డిసెంబర్ నాటికి, దాన్ని తయారుచేసే వాల్వ్ కంపెనీ ఆ పేరుతో ఒక్క ప్రకటన కూడా చేయలేదు. అయినా దాని కోసం పదిహేడేళ్లుగా చూస్తున్నవాళ్లలో నేనొకణ్ణి.

హాఫ్ లైఫ్ ఆడనివాళ్లకు కూడా దాంతో చుట్టరికం ఉంది. మా రోజుల్లో నెట్ సెంటర్‌కి వెళ్లి, "అన్నా, సిస్టమ్ ఖాళీ ఉందా?" అని అడిగి, పదిమందిమి కూర్చుని కౌంటర్ స్ట్రైక్ ఆడేవాళ్లం. గేమ్ హ్యాంగ్ అయితే టాస్క్ మేనేజర్ తెరిచి ఆపేవాళ్లం. అక్కడ కనిపించే ఫైలు పేరు హెచ్ఎల్ డాట్ ఈఎక్స్ఈ. ఆ హెచ్ఎల్ అంటే హాఫ్ లైఫ్ అని నాకు చాలా కాలం తెలియదు. మిన్ లీ, జెస్ క్లిఫ్ అనే ఇద్దరు కుర్రాళ్లు 1999లో హాఫ్ లైఫ్ మీద కట్టిన మోడ్, అంటే ఆ గేమ్‌నే మార్చి చేసిన కొత్త గేమ్, అదే కౌంటర్ స్ట్రైక్. మనం అందులోని డస్ట్ టూ మ్యాప్‌లో పరిగెత్తింది ఆ పునాది మీదే.

అసలు గేమ్ 1998 నవంబర్‌లో వచ్చింది. అప్పటి షూటింగ్ గేమ్‌లు చాలావరకు మొదట్లోనే చేతిలో తుపాకీ పెట్టేవి. ఇది మనల్ని ట్రామ్ ఎక్కిస్తుంది. భూమి లోపల కట్టిన బ్లాక్ మీసా అనే పరిశోధనా కేంద్రంలోకి ఆ ట్రామ్ మెల్లగా పోతూ ఉంటుంది. కాల్చడానికి ఏమీ లేదు, చూడటమే. ఒకచోట సెక్యూరిటీ గార్డు మూసిన తలుపు కొడుతూ నిలబడి ఉంటాడు. ఇంకొకచోట, ఆగి ఉన్న మరో ట్రామ్‌లోంచి సూటు వేసుకున్న మనిషి మనవైపు చూస్తుంటాడు. ఎవరు, ఎందుకు అని ఎవరూ చెప్పరు. హాస్టల్లో స్నేహితుడి కంప్యూటర్‌లో మొదటిసారి అది చూసినప్పుడు మౌస్ మీద చెయ్యి అలాగే ఉండిపోయింది. ఆట ఆపి సినిమాలా చూపించే కట్ సీన్ పెట్టకుండా కథ చెప్పొచ్చని నాకు నేర్పింది ఆ ట్రామే.

రెండో భాగాన్ని 2003 మేలో ఈ3 ప్రదర్శనలో చూపించారు. సెప్టెంబర్ 30న విడుదల అన్నారు, రాలేదు. తర్వాత సోర్స్ కోడ్ దొంగతనానికి గురై ఇంటర్నెట్‌లో పడింది. చివరికి 2004 నవంబర్ 16న వచ్చింది. మొదటి భాగం నుంచి లెక్కేస్తే ఆరేళ్లు. ఆ ఆరేళ్లకూ న్యాయం జరిగిందనే అంటాను. ఎందుకంటే చేతికి గ్రావిటీ గన్ ఇచ్చారు, వస్తువుల్ని లాగి విసిరే తుపాకీ. రావెన్‌హోమ్ అనే చీకటి ఊళ్లోకి అడుగుపెట్టగానే గోడలో దిగిన రంపపు చక్రం కనిపిస్తుంది. దాన్ని గన్‌తో పీకి, ఎదురొచ్చే జాంబీ మీదికి వదలాలి. ఇలా ఆడు అని తెర మీద రాసి చెప్పనక్కర్లేదు, ఆ గోడను చూస్తే చాలు. డబ్బా, పీపా, రేడియేటర్, కంటికి కనిపించిన ప్రతిదీ ఆయుధమైపోయింది.

ఆ కథను ఎపిసోడ్లు అనే చిన్న గేమ్‌లుగా కొనసాగించారు. వాటిలో రెండోది, ఎపిసోడ్ టూ, 2007 అక్టోబర్‌లో వచ్చింది. చివర్లో మనవైపు ఉన్న శాస్త్రవేత్త ఎలై వాన్స్‌ను మన కళ్ల ముందే చంపేస్తారు. మనల్ని కదలకుండా పట్టి ఉంచుతారు, ఒక్క బటన్ పనిచేయదు. కూతురు అలిక్స్ తండ్రి మీద పడి ఏడుస్తుండగా తెర నల్లబడుతుంది. కథ అక్కడ ఆపి, ఎపిసోడ్ త్రీ వస్తుందన్నారు. రాలేదు. రచయిత మార్క్ లెయిడ్‌లా 2016లో వాల్వ్ నుంచి బయటికొచ్చి, మరుసటి ఏడాది ఆ కథను పాత్రల పేర్లు మార్చి ఇంటర్నెట్‌లో పెట్టాడు. అర్ధరాత్రి దాకా చదివాను. సంతోషం కంటే దిగులే ఎక్కువైంది, ఎందుకంటే అది ఆడాల్సిన కథ.

పోయిన నెల, హాఫ్ లైఫ్ 2కు ఇరవై ఏళ్లు నిండిన సందర్భంగా వాల్వ్ ఒక డాక్యుమెంటరీ విడుదల చేసింది. మంచు గడ్డలు కట్టించే తుపాకీ లాంటి ఎపిసోడ్ త్రీ ప్రయోగాలు అందులో చూపించారు. కథను ముందుకు నడిపించడానికి మాత్రమే గేమ్ చేస్తే, ఆడేవాళ్ల పట్ల బాధ్యత తప్పించుకున్నట్టే అని వాల్వ్ అధినేత గేబ్ న్యూవెల్ అన్నాడు. సగం ఒప్పుకుంటాను. పాత తుపాకులు, పాత గదులు మళ్లీ అమ్మితే నేనూ కొనను. కానీ ఏడుస్తున్న మనిషిని చూపించి దీపం ఆర్పేసినప్పుడు, మళ్లీ వచ్చి వెలిగించాల్సిన బాధ్యత కూడా వాళ్లదే కదా? కొత్తదనం దొరికేదాకా ఆగొచ్చు. ఆగమన్న మాట మాకు చెప్పి ఉండాల్సింది.

ఇప్పుడు వాల్వ్ ఫైళ్లు తవ్వేవాళ్లు హెచ్ఎల్ఎక్స్ అనే పేరు దొరికిందని, అది కొత్త హాఫ్ లైఫే అయ్యుంటుందని సంబరపడుతున్నారు. నా ఆశకు మాత్రం అదికాదు కారణం.

2020లో వీఆర్ హెడ్‌సెట్ కోసం హాఫ్ లైఫ్ అలిక్స్ వచ్చింది. కథ అంతా అయిపోయాక, మళ్లీ ఎపిసోడ్ టూ చివరి గదిలో కళ్లు తెరుస్తాం. ఇప్పుడు మనం గోర్డన్ ఫ్రీమన్, మొదటి భాగం నుంచీ మనం ఆడిన పాత్ర. ఈసారి ఎలై బతికే ఉన్నాడు, కూతురే లేదు. డాగ్ అనే రోబో ఒక క్రోబార్, అంటే ఇనుప కడ్డీ, తెచ్చి ఎలైకి ఇస్తుంది. మొదటి భాగంలో మన చేతికి దొరికిన తొలి ఆయుధం అదే. ఎలై దాన్ని మనవైపు చాపుతాడు. మనం చెయ్యి చాచి అందుకుంటాం.