కాపీ ఉంది సరే, తాళం ఎవరి దగ్గరుంది?

అందరికీ నమస్కారం.

2024 సెప్టెంబరు మొదటి వారం. విజయవాడ సింగ్‌నగర్‌లో బుడమేరు వరద నీళ్లు ఇంకా పూర్తిగా తియ్యలేదు. నాకు తెలిసిన మందుల హోల్‌సేల్ వ్యాపారి ఒకాయన రమ్మంటే వెళ్లాను. కంప్యూటర్ డబ్బా పక్కకు వంచితే బురద కారింది. "బ్యాకప్ ఉందండీ, రోజూ తీస్తాం" అన్నారు. నిజంగానే తీసేవారు. ఆ హార్డ్‌డిస్కు అదే టేబుల్ కింది సొరుగులో ఉంది. సొరుగు లాగితే అందులోనూ నీళ్లే.

ఆయన్ని నేను తప్పుపట్టను. ఫ్రాన్స్‌లో స్ట్రాస్‌బర్గ్‌లో 2021 మార్చి 10న ఇంటర్నెట్ ద్వారా ఇతరుల డేటా దాచిపెట్టే ఓవీహెచ్ అనే పెద్ద క్లౌడ్ సంస్థ డేటా సెంటరే తగలబడింది. ఒక భవనం పూర్తిగా కాలిపోయింది. కొందరు ఖాతాదారుల అసలు డేటా, దాని బ్యాకప్ రెండూ అక్కడే ఉన్నాయి, రెండూ పోయాయి. క్లౌడ్ అన్నా అది ఏదో ఊళ్లో కరెంటు మీద నడిచే కట్టడమే కదా. అందుకే మీ కాపీ ఏ ఊళ్లో ఉందో అడగండి, చెప్పేదాకా వదలకండి.

ఇక మన మందుల షాపు సంగతి. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ అమ్మినవాళ్ల క్లౌడ్‌లో ఇంకో కాపీ ఉందని తెలిసి ప్రాణం లేచొచ్చింది. తీరా చూస్తే లాగిన్ ఆ కంపెనీలో పనిచేసిన కుర్రాడి ఈమెయిల్ మీద ఉంది. ఓటీపీ వెళ్లేది రెండేళ్ల క్రితం మానేసిన గుమాస్తా ఫోన్‌కి. అతన్ని వెతికి పట్టుకోవడానికి మూడు రోజులు పట్టింది. చివరికి ఎక్సెల్ ఫైలు చేతికొచ్చింది. అందులో బిల్లు మొత్తాలే ఉన్నాయి. బ్యాచ్ నంబరు లేదు, ఎక్స్‌పైరీ తేదీ లేదు. అవి లేకుండా ఎక్స్‌పైరీ సరుకు కంపెనీకి ఎలా తిప్పి పంపుతారు? పూర్తి వివరాలు కావాలంటే ముందు రెన్యువల్ కట్టాలన్నారు. గోడౌన్‌లో బురద ఎత్తిపోస్తున్న మనిషికి చెప్పే మాటా అది? నాకు ఇప్పటికీ కోపం తగ్గలేదు.

కాబట్టి సాఫ్ట్‌వేర్ కొనేటప్పుడు ధర కన్నా ముందు ఒకటి అడగండి: "రేపు మేం మానేస్తే మా డేటా ఏ రూపంలో ఇస్తారు?" ఒక రోజు బిల్లులు తీయించి, ప్రతి గడీ వచ్చిందో లేదో అక్కడే చూడండి. ఎన్ని రోజుల్లో ఇస్తారో కాగితం మీద రాయించుకోండి. అడ్మిన్ ఖాతా, అంటే అన్ని అధికారాలూ ఉండే లాగిన్, వెబ్‌సైట్ డొమైన్, అంటే దాని చిరునామా, రెండూ షాపు యజమాని పేరు మీదే ఉండాలి. జీఎస్‌టీ లెక్కలు వార్షిక రిటర్ను గడువు నుంచి 72 నెలలు ఉంచాలని చట్టం. అంతకాలం మీ సప్లయరు ఉంటాడని ఎవరు చెప్పగలరు?

పెద్ద కంపెనీ అయితే భయం లేదంటారా? 2024 మేలో ఆస్ట్రేలియాలో యూనిసూపర్ అనే పింఛను నిధి సంస్థ క్లౌడ్ ఖాతా గూగుల్ వైపు జరిగిన ఒక సెటప్ పొరపాటుతో చెరిగిపోయింది. ఆరు లక్షల మందికి పైగా సభ్యులు వారం పైనే తమ ఖాతాలు చూసుకోలేకపోయారు. తిరిగి నిలబెట్టడంలో వేరే సంస్థ దగ్గర పెట్టుకున్న బ్యాకప్ కూడా ఆదుకుంది. ఆ రెండో సంస్థకు కట్టే డబ్బు అంతకుముందు దండగ ఖర్చులా కనబడి ఉండొచ్చు.

మన షాపాయన ఇప్పుడు ఒక కాపీ క్లౌడ్‌లో, ఒకటి తెనాలిలో తమ్ముడి ఇంట్లో ఉంచుతున్నారు. నెలకోసారి, అమావాస్య నాడు, బేరాలు పలచగా ఉంటాయని, పాత ల్యాప్‌టాప్‌లో ఆ కాపీ తెరుస్తారు. ఏదో ఒక పాత బిల్లు నంబరు కొడతారు. బ్యాచ్ నంబరు తెర మీదికొచ్చాకే ల్యాప్‌టాప్ మూస్తారు. పోయిన నెల రాలేదట. వెంటనే నాకు ఫోన్ చేశారు, ఆ సాయంత్రమే సరిచేశాం.