జిన్సెంగ్‌కు తోడు వేస్తే ఏమవుతుంది?

అందరికీ నమస్కారం.

జిన్సెంగ్ వేరు సారాన్ని పులియబెడితే ఒంటికి బాగా పడుతుందా, జ్ఞాపకశక్తి పెరుగుతుందా అన్నది ఇవాళ్టి విషయం. ముందు పేరు గొడవ తేల్చుకుందాం. మందుల కొట్లలో ‘ఇండియన్ జిన్సెంగ్’ పేరుతో అమ్మేది అశ్వగంధ, అంటే మన పెన్నేరు గడ్డ. దానికీ ఇవాళ్టి విషయానికీ చుట్టరికం లేదు. మనం మాట్లాడుకునేది కొరియాలో నాలుగు నుంచి ఆరేళ్లు నేలలో పెంచి తవ్వే పానాక్స్ జిన్సెంగ్ వేరు గురించి. దాన్ని అలాగే ఎండబెడితే తెల్ల జిన్సెంగ్, ఆవిరి మీద ఉడికించి ఆరబెడితే ఎర్ర జిన్సెంగ్.

ఈ వేరులో అసలు సరుకు జిన్సెనోసైడ్లు అనే పదార్థాలు. వాటిలో ముఖ్యమైన ఆర్‌బి1 అణువుకు నాలుగు గ్లూకోజులు వేలాడుతుంటాయి, అటు రెండు, ఇటు రెండు. అణుభారం 1109. ఇంత బరువుతో పేగు గోడ దాటడం కష్టం. పెద్దపేగులోని బ్యాక్టీరియా బీటా-గ్లూకోసిడేజ్ అనే ఎంజైముతో ఒక్కో గ్లూకోజునే తుంచుతూ పోతుంది. ఆర్‌బి1 కాస్తా ఆర్‌డి అవుతుంది, అది ఎఫ్2, చివరికి కాంపౌండ్ కె. అప్పటికి మిగిలేది ఒకే గ్లూకోజు, అణుభారం 623. రక్తంలోకి బాగా ఎక్కేది ఇదే. చిక్కేమిటంటే, ఆ బ్యాక్టీరియా అందరి పేగుల్లో ఒకేలా ఉండదు. ఒకే మోతాదు తాగిన ఇద్దరిలో ఒకరికి దండిగా, ఇంకొకరికి నామమాత్రంగా దక్కుతుంది. పేగు చేయాల్సిన ఆ పనిని ముందే పాత్రలో చేయించడమే పులియబెట్టడం.

ప్రయోగశాలలో ఇలా చేయవచ్చు. 100 గ్రాముల వేరు పొడికి లీటరు 70 శాతం ఇథనాల్ పోసి, 70–80 డిగ్రీల దగ్గర రెండు మూడు గంటలు ఉంచి వడగట్టాలి. పిప్పిలో మళ్లీ ఇథనాల్ పోసి ఇంకోసారి తీయాలి. తర్వాత వాక్యూమ్‌లో ఆల్కహాల్ మొత్తం లాగేయాలి. అది మిగిలితే తోడు చచ్చిపోతుంది. సారాన్ని నీళ్లలో కలిపి, 121 డిగ్రీల్లో 15 నిమిషాలు స్టెరిలైజ్ చేసి, చల్లారాక లాక్టోబాసిల్లస్ ప్లాంటారమ్‌ను మిల్లీలీటరుకు కోటి కణాల లెక్కన వేసి, 37 డిగ్రీల దగ్గర రెండు నుంచి ఐదు రోజులు ఉంచాలి. జిన్సెనోసైడ్లు సపోనిన్లు, అంటే నురగనిచ్చే జాతి పదార్థాలు కదా, గట్టిగా కలిపితే సబ్బునీళ్లలా నురగ పొంగుతుంది, మెల్లగా తిప్పాలి.

ఇడ్లీ పిండి పులిసిందో లేదో ముక్కు చెబుతుంది. ఇక్కడ ముక్కును నమ్మితే మోసపోతాం. పులుపెక్కిందంటే లాక్టిక్ ఆమ్లం పుట్టిందనే, గ్లూకోజులు తెగాయని కాదు. పైగా పిహెచ్ 4 కిందికి జారితే మనకు కావలసిన ఎంజైమే మందగిస్తుంది. బ్యాక్టీరియా బాగా పెరగాలని చక్కెర ఎక్కువ వేస్తే, అది సులువుగా దొరికిన ఆ తిండితోనే సరిపెట్టుకుని జిన్సెనోసైడ్ల జోలికి పోదు. అందుకే పిహెచ్‌ను 5–6 మధ్య పట్టి ఉంచాలి, చక్కెర పొదుపుగా వేయాలి. తోడు వేయని పాత్ర ఒకటి పక్కనే పెట్టడం మరువకూడదు. ఎందుకంటే స్టెరిలైజ్ చేసే వేడికే కొన్ని జిన్సెనోసైడ్లు ఆర్‌జి3 అనే మరో జిన్సెనోసైడుగా మారిపోతాయి. ఆ ఘనత బ్యాక్టీరియా ఖాతాలో పడకూడదు. చివరి మాట హెచ్‌పిఎల్‌సిది, అంటే మిశ్రమంలోని పదార్థాలను విడదీసి ఒక్కోదాన్ని గ్రాఫు మీద ఒక్కో శిఖరంగా చూపే యంత్రానిది. 203 నానోమీటర్ల కాంతితో చూస్తే ఆర్‌బి1 శిఖరం తగ్గి, కాంపౌండ్ కె శిఖరం లేవాలి. కొన్నిసార్లు కథ ఆర్‌డి దగ్గరే ఆగిపోతుంది.

ఇక జ్ఞాపకశక్తి. ఆధారాల్లో ఎక్కువ భాగం ఎలుకలదే. స్కోపోలమిన్ అనే మందు ఎక్కించి మతిమరుపు తెప్పించిన ఎలుకను, తెల్లగా కలిపిన నీళ్ల తొట్టిలో వదులుతారు. నీటి మట్టానికి సెంటీమీటరు కింద ఒక చిన్న పీట దాగి ఉంటుంది. దాన్ని ఎన్ని సెకన్లలో వెతుక్కుంటుందన్నదే కొలత. జిన్సెంగ్ సారం పెట్టిన ఎలుకలు త్వరగా చేరిన ప్రయోగాలున్నాయి. అయితే స్కోపోలమిన్ మరుపు గంటల్లో వదిలే మరుపు. అల్జీమర్స్‌లో కణాలే చచ్చిపోతాయి.

మనుషుల్లో? 2008లో వచ్చిన కొరియా అధ్యయనంలో అల్జీమర్స్ రోగులకు రోజుకు 4.5 గ్రాముల జిన్సెంగ్ పొడి 12 వారాలు ఇచ్చారు. పరీక్షల్లో మార్కులు మెరుగయ్యాయి, ఆపాక మళ్లీ దిగజారాయి. కానీ అందులో డమ్మీ మందుతో పోలిక లేదు, ఆ పొడి పులియబెట్టిందీ కాదు. వైద్య అధ్యయనాలన్నిటినీ కలిపి తూచే కాక్రేన్ సంస్థ 2010 సమీక్ష మొత్తం జిన్సెంగ్‌ను పరిశీలించి, ఆరోగ్యవంతుల్లో మెదడు పనితీరు పెంచుతుందనడానికి నమ్మదగ్గ ఆధారం లేదని తేల్చింది. పులియబెడితే కాంపౌండ్ కె రక్తంలోకి త్వరగా ఎక్కుతుందన్న మాట బలమైనదే. రక్తంలోకి ఎక్కడం వేరు, జ్ఞాపకం నిలవడం వేరు.

కొనేవాళ్లు లేబుల్ మీద ‘పులియబెట్టినది’ అన్న అక్షరాలు కాకుండా, ఒక మోతాదులో కాంపౌండ్ కె ఎన్ని మిల్లీగ్రాములో చూడండి. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడేవాళ్లు, షుగరు మాత్రలు వేసుకునేవాళ్లు డాక్టరును అడగకుండా ముట్టుకోవద్దు. ఆపరేషన్ ఉంటే కనీసం వారం ముందే ఆపాలి. నిద్ర పట్టనివాళ్లు సాయంత్రం పూట తీసుకోకండి.