అడ్రస్ వేరు, ఫైల్ వేరు

అందరికీ నమస్కారం. ముందు ఒక ప్రశ్న. బ్రౌజర్‌లో అడ్రస్ చివర డాట్ జేఎస్‌పీ అని కనబడే అప్లికేషన్లు మీలో ఎంతమంది చూశారు? చేతులు బాగానే లేచాయి. రాసిందెవరని అడగనులెండి, నేనూ రాశాను.

జేఎస్‌పీ అంటే జావా కోడ్, హెచ్‌టీఎంఎల్ కలిపి రాసే పేజీ ఫైల్. ఇది 1999లో వచ్చింది. ఆర్డర్ల పేజీ కావాలా, ఆర్డర్స్ డాట్ జేఎస్‌పీ అని ఒక ఫైల్ పెట్టేయడమే. లాగిన్ చూసేదీ, డేటాబేస్‌ని అడిగేదీ, హెచ్‌టీఎంఎల్ రాసేదీ అన్నీ అందులోనే. దీనికి మోడల్ వన్ అని పేరు పడింది. పది పేజీలున్నంతకాలం హాయిగానే సాగుతుంది. పేజీలు పెరిగేకొద్దీ లాగిన్ చూసే ఆ నాలుగు లైన్లను ప్రతి ఫైల్ నెత్తినా అతికించుకుంటూ పోవాలి. ఎవరో ఒకరు ఎక్కడో ఒకచోట మర్చిపోతారు. మిగతా తలుపులన్నీ ఎంత గట్టిగా వేస్తే ఏం లాభం?

నన్నడిగితే అంతకంటే పెద్ద తప్పు ఇంకోటుంది. మన ఫైల్ పేరు తీసుకెళ్లి యూజర్ చేతిలో పెట్టాం. రేపు ఆ ఫైల్‌ని ఇంకో ఫోల్డర్‌లోకి జరిపితే, ఎవరో దాచుకున్న లింక్ పనిచేయదు. బయటివాళ్లకి ఇచ్చిన అడ్రస్‌ని, లోపల మనం సర్దుకున్న ఫైళ్లని విడదీయడానికే కంట్రోలర్, అంటే రిక్వెస్ట్‌ని అందుకుని ఏ పేజీ చూపాలో తేల్చే కోడ్, పుట్టింది.

2001లో వచ్చిన స్ట్రట్స్ 1.0 అనే జావా ఫ్రేమ్‌వర్క్ ఈ పని చేసింది. రిక్వెస్ట్‌కి జవాబిచ్చే జావా క్లాస్‌ని సర్వ్‌లెట్ అంటారు. రిక్వెస్టులన్నీ అలాంటి ఒకే సర్వ్‌లెట్ గుండా వెళ్లాలి, ఏది ఎవరికి పోవాలో ఒక ఎక్స్ఎంఎల్ ఫైల్‌లో రాసుకోవాలి. టీమంతా రోజూ అదే ఫైల్ మీద పడేవాళ్లు, మెర్జ్ చేసేటప్పుడు తలనొప్పి. 2007లో స్ప్రింగ్ అనే మరో జావా ఫ్రేమ్‌వర్క్ 2.5లో తెచ్చిన యానొటేషన్లతో, అంటే కోడ్ మీదే పెట్టే గుర్తులతో, ఏ అడ్రస్ ఎవరికన్న మ్యాపింగ్ మెథడ్ నెత్తికే ఎక్కింది. ఎక్స్ఎంఎల్ పోయినందుకు నేనేమీ కన్నీళ్లు పెట్టుకోలేదు. కానీ అడ్రస్‌లన్నీ ఒకేచోట కనబడే సుఖం కూడా దాంతోపాటే పోయింది. నడుస్తున్న అప్లికేషన్ లోపలి సంగతులు చూపే స్ప్రింగ్ బూట్ యాక్చుయేటర్‌లో, అడ్రస్‌లన్నీ వరసగా చూపే మ్యాపింగ్స్ ఎండ్‌పాయింట్ ఉంది చూశారూ, దాన్ని నేను తెరిచేది ఆ లోటు తీర్చుకోవడానికే.

ఇక నేను సగం రోజు పోగొట్టుకున్న కథ. రిక్వెస్ట్ రాగానే దాన్ని ఏ సర్వ్‌లెట్‌కి ఇవ్వాలో మొదట తేల్చేది స్ప్రింగ్ కాదు, టామ్‌క్యాట్ లాంటి కంటైనర్, అంటే సర్వ్‌లెట్లని నడిపే సర్వర్. అడ్రస్ అచ్చంగా కలిసిందా అని ముందు చూస్తుంది. లేకపోతే స్లాష్-స్టార్‌తో ముగిసే దారుల్లో అన్నిటికన్నా పొడవుగా కలిసినదాన్ని, అదీ లేకపోతే ఎక్స్‌టెన్షన్‌ని చూస్తుంది. ఏదీ కుదరనప్పుడే డిఫాల్ట్, అంటే ఒట్టి స్లాష్.

స్ప్రింగ్ తరఫున రిక్వెస్టులన్నీ అందుకునే డిస్పాచర్‌సర్వ్‌లెట్‌ని నేను ఒట్టి స్లాష్‌కి కాకుండా స్లాష్-స్టార్‌కి మ్యాప్ చేశాను. "అన్నీ" అంటే అదే కదా అనుకున్నాను. కంట్రోలర్ మెథడ్ నడిచింది, లాగ్ పడింది, వ్యూ పేరు, అంటే చూపాల్సిన పేజీ పేరు, వెళ్లింది. తెరమీద మాత్రం 404, అంటే పేజీ దొరకలేదని. జేఎస్‌పీ ఉందా? అప్లికేషన్‌లోని వెబ్-ఇన్ఫ్ ఫోల్డర్ కింద నిక్షేపంలా ఉంది. స్పెల్లింగ్ మూడుసార్లు చూశాను, సర్వర్‌ని ఎన్నిసార్లు రీస్టార్ట్ చేశానో లెక్కలేదు. జరిగిందేమిటంటే, జేఎస్‌పీకి ఫార్వర్డ్ చేసినప్పుడు, అంటే సర్వర్ లోపలే రిక్వెస్ట్‌ని దానికి అప్పగించినప్పుడు, కంటైనర్ మళ్లీ అవే నియమాలు చూస్తుంది. స్లాష్-స్టార్‌ది డాట్ జేఎస్‌పీ కన్నా పైచేయి. దాంతో ఫార్వర్డ్ తిరిగి తిరిగి డిస్పాచర్ గుమ్మంలోకే వచ్చింది. ఈ అడ్రస్‌కి కంట్రోలర్ ఎవరూ లేరే అని అది చేతులెత్తేసింది. ఒక్క స్టార్ చెరిపేశాను, పేజీ వచ్చింది.

జేఎస్‌పీని వెబ్-ఇన్ఫ్‌లో పెట్టే అలవాటు మాత్రం వదలొద్దు. అక్కడున్న ఫైల్‌ని బ్రౌజర్ నేరుగా అడిగితే కంటైనర్ ఇవ్వదు, ఫార్వర్డ్‌తో లోపలినుంచి వెళ్తే ఇస్తుంది. కంట్రోలర్‌ని దాటి ఎవరూ పేజీని ముట్టుకోలేరన్నమాట.

డిస్పాచర్ చేతికి వచ్చాక పని తేలిక. మ్యాపింగుల పట్టిక అప్లికేషన్ లేచేటప్పుడే తయారవుతుంది. రెండు మెథడ్లకి ఒకే మ్యాపింగ్ రాస్తే అప్లికేషన్ అసలు లేవదు, అది మన మంచికే. ఆర్డర్స్-స్లాష్-న్యూ అని ఒకటి, ఐడీ చోట ఏ విలువైనా పట్టే ఆర్డర్స్-స్లాష్-ఐడీ అని ఇంకోటి ఉంటే కచ్చితమైన మాటున్నదే గెలుస్తుంది, కోడ్‌లో ఏది ముందున్నా సరే. అడ్రస్ కలిసి, చూపమని అడిగే గెట్‌కి బదులు డేటా పంపే పోస్ట్ వస్తే 405, అంటే ఈ పద్ధతి కుదరదని. ఫారం సేవ్ చేశాక ఫార్వర్డ్ కాదు, రీడైరెక్ట్ చేయండి, అంటే ఇంకో అడ్రస్ అడగమని బ్రౌజర్‌కే చెప్పండి. లేకపోతే యూజర్ రిఫ్రెష్ నొక్కి, బ్రౌజర్ అడిగినదానికి సరే అన్నాడంటే అదే ఆర్డర్ రెండోసారి పడుతుంది.

చివరగా స్లాష్. 2022లో స్ప్రింగ్ 6 వచ్చేవరకూ అడ్రస్ చివర స్లాష్ ఉన్నా లేకపోయినా అదే మెథడ్ పలికేది. ఇప్పుడు మామూలుగా పలకదు, అప్‌గ్రేడ్ చేయగానే పాత లింకులకి 404లు వస్తాయి. చాదస్తం అనుకోకండి. అడ్మిన్ అనే అడ్రస్‌కి మాత్రమే కాపలా పెట్టి, చివర స్లాష్ ఉన్న అడ్మిన్‌ని మర్చిపోయారనుకోండి. కాపలాదారు లెక్కలో అవి రెండు అడ్రస్‌లు, పాత స్ప్రింగ్‌లో కంట్రోలర్ లెక్కలో ఒకటే. ఆ సందులోంచే దొంగ దూరేది. పాత లింకులు బతకాలంటే వాటికి విడిగా రీడైరెక్ట్ రాసుకోండి.

ఇప్పుడు ఆ మ్యాపింగ్స్ పట్టిక తెరమీద తెరుస్తాను. చివర స్లాష్‌తో మిగిలిపోయినవి ఎన్నున్నాయో కలిసి వెతుకుదాం.