డెక్సా స్కాన్ చెప్పని సంగతి: బయోమెడికల్ పరిశోధనకు ఏ చదువులు కావాలి?

సభకు నమస్కారం. బయోమెడికల్ పరిశోధకుల చదువు గురించి చెప్పాలంటే డిగ్రీల కన్నా ముందు మన నల్లగొండ ఎముక గురించి చెప్పాలి.

మర్రిగూడ, మునుగోడు దిక్కు ఏళ్లతరబడి ఫ్లోరైడ్ నీళ్లు తాగి ఫ్లోరోసిస్ వచ్చిన మనిషి నడుముకు డెక్సా స్కాన్ తీస్తే, ఎముక సాంద్రత మామూలు కన్నా ఎక్కువ రావచ్చు. అది చూసి ఎముక గట్టిగుందనుకుంటే మోసపోతాం. ఆ యంత్రం రెండు రకాల శక్తితో ఎక్స్-రే పంపి, ఎంత ఆగిందో చూసి, చదరపు సెంటీమీటరుకు ఎన్ని గ్రాముల ఖనిజముందో లెక్క కడుతుంది. ఫ్లోరైడ్ చేరిన ఎముకలో ఖనిజం పెరుగుతుంది, పెళుసుదనమూ పెరుగుతుంది. పైగా వెన్నుపూసలను పట్టి ఉంచే లిగమెంట్లలో పేరుకున్న కాల్షియం కూడా ఆ బొమ్మలోనే పడి అంకెను ఇంకా పెంచుతుంది.

ఈ ఒక్క రిపోర్టును సరిగ్గా చదవడానికి ఎక్స్-రే భౌతికశాస్త్రం, పదార్థాల బలం, ఎముక జీవశాస్త్రం మూడూ రావాలి. మన ఇంటర్‌లోనేమో ఎంపీసీ పిల్లలకు జీవశాస్త్రం పోతుంది, బైపీసీ వాళ్లకు లెక్కలు పోతాయి. ఇది పెద్ద నష్టం. ఎంపీసీ తర్వాత ఉస్మానియా ఇంజినీరింగ్ కాలేజీలో బీఈ బయోమెడికల్ ఉంది. మెకానికల్, ఎలక్ట్రానిక్స్ చదివినవాళ్లు గేట్ రాసి ఎంటెక్‌లో ఇటు రావచ్చు. 2020 నుంచి గేట్‌లో బయోమెడికల్‌కు వేరే పేపరుంది. కందిలోని ఐఐటీ హైదరాబాద్‌లోనూ ఈ విభాగముంది.

అసలు చేయి తిరిగేది పీహెచ్‌డీలో. ఎముక ముక్కను రెండు ఆధారాల మీద పెట్టి నడుమ నొక్కి, ఎంత బరువుకు విరుగుతుందో చూస్తారు. ముక్క 2 మిల్లీమీటర్ల మందముంటే ఆధారాల మధ్య 40 మిల్లీమీటర్ల దాకా దూరముండాలి. దగ్గరగా పెడితే వంపుతో పాటు కోత బలం (ఎముక పొరలను ఒకదాని మీద ఒకటి జరిపే బలం) కలిసి, ఎముక ఉన్నదానికన్నా మెత్తగా తేలుతుంది. ముక్కను సెలైన్‌లో తడిపిన గుడ్డలో చుట్టి మైనస్ 20 డిగ్రీల్లో దాచాలి, తడి ఆరకుండానే పరీక్షించాలి. ఎండిన ఎముక పెళుసుగా విరుగుతుంది. అది ఫ్లోరైడ్ వల్లనా, మన అజాగ్రత్త వల్లనా అన్నది ఆ తర్వాత ఎవరూ తేల్చలేరు. శరీర భాగాలు కుళ్లకుండా వాడే ఫార్మలిన్‌లో వేస్తే, ఎముకకు సాగే గుణమిచ్చే ప్రోటీన్ కొల్లాజెనే మారిపోతుంది.

అందుకే పరిశోధకుల బయోడేటా చూసేటప్పుడు పేపర్లు ఎన్నో లెక్కపెట్టకండి. ఏ యంత్రం మీద ఎన్నేళ్లు పనిచేశారు, ఏ ఎముకల డాక్టర్లతో కలిసి రాశారు అని చూడండి. ఎథిక్స్ కమిటీ అనుమతి తేదీ కూడా చూడండి. రోగి నుంచి మొదటి ముక్క తీసుకున్న రోజుకు ముందే అది ఉండాలి. తర్వాత తెచ్చుకున్న అనుమతి ఆ ముక్కలకు వర్తించదు.