జనన రేటు, మరణ రేటు: లెక్క ఎక్కడ తప్పుతుంది? (ఫోన్-ఇన్)

యాంకర్: నమస్కారం. జనాభా గణాంకాలపై మీ ప్రశ్నలకు జవాబు చెప్పడానికి మేడమ్ స్టూడియోలో ఉన్నారు. మొదటి ఫోన్ తీసుకుందాం. హలో, చెప్పండి.

శ్రోత: నమస్తే మేడమ్. డిగ్రీ ప్రాజెక్టుకి చైనా తీసుకున్నాను. జననాలు, మరణాల సంఖ్యలు దొరికాయి. వాటిని రేటుగా ఎలా మార్చాలి?

నిపుణురాలు: ఆ ఏడాది జననాలను సంవత్సర మధ్య జనాభాతో భాగించి వెయ్యితో గుణించు బాబూ. సంవత్సర మధ్య జనాభా విడిగా దొరక్కపోతే మొదటి, చివరి జనాభాల సగటు తీసుకో. 2022లో చైనాలో పుట్టినవాళ్లు 95.6 లక్షలు, చనిపోయినవాళ్లు 104.1 లక్షలు, సగటు జనాభా సుమారు 141.22 కోట్లు. వెయ్యికి జననాలు 6.77, మరణాలు 7.37 వస్తాయి. తేడా మైనస్ 0.60.

శ్రోత: అంటే 0.6 శాతం తగ్గిందన్నమాట.

నిపుణురాలు: అదిగో, అక్కడే చాలామంది బోల్తా పడతారు. అది వెయ్యికి. శాతం కావాలంటే పదితో భాగించాలి, మైనస్ 0.06. ఎక్సెల్‌లో ఈ రెండూ ఒకే వరుసలో పడ్డాయంటే గ్రాఫ్ అంతా పాడవుతుంది. పైగా ఇది సహజ పెరుగుదల మాత్రమే, వలసలు ఇందులో లేవు.

శ్రోత: సగటు బదులు డిసెంబరు జనాభా వాడితే?

నిపుణురాలు: చైనాకైతే తేడా కంటికి కూడా కనపడదు. ఏటా 3 శాతం పెరిగే దేశంలో మాత్రం 40 రావాల్సిన రేటు 39.4కి దిగుతుంది. ఇంకోటి, నీ పట్టిక పుట్టిన ఏడాది ప్రకారమా, నమోదైన ఏడాది ప్రకారమా చూసుకో. పుట్టిన ఏడాది ప్రకారమైతే, ఆలస్యంగా నమోదయ్యేవి ఇంకా చేరక చివరి ఏడాది ఉత్తినే పడిపోయినట్టు కనిపిస్తుంది. ఆ పాయింటును చుక్కల గీతతో వెయ్యి.

యాంకర్: తర్వాతి ఫోన్ ఒక టీచర్ గారిది.

శ్రోత: మేడమ్, జపాన్‌లో మరణ రేటు భారత్ కంటే ఎక్కువని పట్టికలో ఉంది. అక్కడ ఆయుర్దాయం దాదాపు 84 ఏళ్లు కదా! అచ్చుతప్పా?

నిపుణురాలు: అచ్చుతప్పేం కాదండీ. ముడి మరణ రేటు అంటే అన్ని వయసులూ కలిపి వెయ్యిమందికి మరణాలు, దానికి వయసు తెలీదు. ముసలివాళ్లు ఎక్కువున్న దేశంలో వైద్యం ఎంత బాగున్నా మరణాలు ఎక్కువే. పిల్లలకు బోర్డు మీద ఊహా లెక్క ఒకటి చేసి చూపించండి. ‘అ’ దేశంలో వెయ్యిమందిలో 900 మంది 60 లోపు, 100 మంది ఆపైన. మరణాలు లోపువాళ్లలో వెయ్యికి 4, పైవాళ్లలో వెయ్యికి 40. మొత్తం 3.6, 4 కలిపి 7.6. ‘ఆ’ దేశంలో 700, 300. రేట్లు 2, 30. మొత్తం 1.4, 9 కలిపి 10.4.

శ్రోత: రెండు వయసుల్లోనూ ‘ఆ’ దేశమే మెరుగు, మొత్తంలో మాత్రం వెనకబడింది!

నిపుణురాలు: అందుకే రెండింటికీ ఒకే వయసు పంపిణీ పెట్టాలి. 800, 200 అనుకోండి. అప్పుడు ‘అ’కి 11.2, ‘ఆ’కి 7.6. బొమ్మ తిరగబడిందా? దీన్నే వయసు ప్రామాణీకరణ అంటారు. ఏ పంపిణీ వాడారో పట్టిక కింద రాయకపోతే చదివేవాళ్లకు ఆ అంకె ఎందుకూ పనికిరాదు. వయసులవారీ మరణాలు దొరకకపోతే ముడి రేటు వదిలేసి ఆయుర్దాయమే పోల్చండి.

యాంకర్: మరో ఫోన్.

శ్రోత: మేడమ్, 2001 నుంచి 2011కి మన జనాభా 17.7 శాతం పెరిగింది. ఏడాదికి 1.77 అని రాసుకోవచ్చా?

నిపుణురాలు: వద్దమ్మా. పెరిగినదాని మీద మళ్లీ పెరుగుతుంది కదా, చక్రవడ్డీలాగా. 121.09 కోట్లను 102.87 కోట్లతో భాగిస్తే 1.177. దానికి పదో మూలం తీస్తే ఏడాదికి 1.64 శాతం. 1.77 వేసుకుంటూ పోతే పదేళ్లకు 122.6 కోట్లు తేలతాయి, దాదాపు కోటిన్నర ఎక్కువ. జనాభా ఎన్నేళ్లకు రెట్టింపవుతుందో చూడ్డానికి 70ని ఆ 1.64తో భాగించమంటారు, దాదాపు 43 ఏళ్లు. అయితే రేటు మారకుండా ఉంటేనే. నిజానికి అది తగ్గుతూ వస్తోంది, కాబట్టి భవిష్యత్తు అంచనాకు దీన్ని వాడొద్దు.

శ్రోత: సంతాన సాఫల్య రేటు 2.0కి వచ్చిందన్నారు. మరి ఇంకా పెరుగుతున్నామెందుకు?

నిపుణురాలు: 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే అంకె అది, అంటే ఒక్కో మహిళ జీవితకాలంలో సగటున కనే పిల్లల సంఖ్య. గతంలో ఎక్కువమంది పుట్టారు, వాళ్లే ఇప్పుడు తల్లులయ్యే వయసులో ఉన్నారు. తలా ఇద్దర్నే కన్నా, తల్లుల సంఖ్య పెద్దది కాబట్టి జననాలు మరణాల్ని మించుతాయి.

యాంకర్: టైమ్ అయిపోతోంది, చివరి ఫోన్. క్లుప్తంగా అడగండి.

శ్రోత: ఒక్క ఏడాది జననాలు బాగా తగ్గితే ధోరణి మారినట్టేనా?

నిపుణురాలు: కాదండీ. జపాన్‌లో సంతాన సాఫల్య రేటు 1965లో 2.14, 1966లో 1.58, 1967లో 2.23. 1966 అగ్ని-గుర్రం సంవత్సరం, ఆ ఏట పుట్టిన ఆడపిల్లలు కలిసిరారని అక్కడో నమ్మకం. కనడం వాయిదా వేశారంతే. కనీసం మూడేళ్ల సగటు గీయండి, ఇలాంటి ఏడాదిని విడిగా గుర్తు పెట్టి కారణం పక్కన రాయండి.