ఆక్సిజన్‌కి ఆరు గళ్లు

అందరికీ నమస్కారం.

నేను మొదటిసారి సైన్స్ ఫిక్షన్ రోల్ ప్లేయింగ్ గేమ్ (ఒక్కొక్కరు ఒక్కో పాత్రగా మారి, మాటలతో, పాచికలతో కథ నడిపే ఆట) ఒకటి తయారుచేసినప్పుడు, రూల్సే 60 పేజీలు వచ్చాయి. ఓడ బరువెంత, ఇంధనం ఎంత తాగుతుంది, గురుత్వాకర్షణ తగ్గితే తూటా ఎంత దూరం పోతుంది, అన్నీ లెక్కగట్టి పెట్టాను. నలుగురు ఫ్రెండ్స్‌ని కూర్చోబెట్టి ఆడించాను. గంటన్నర గడిచినా ఓడ నేల మీంచి లేవలేదు. ఒకతను ఫోన్‌లో కూడికలు వేస్తున్నాడు, మిగతా ముగ్గురూ అతని మొహం చూస్తున్నారు. విసుగొచ్చి, ఆక్సిజన్ ట్యాంకుకి చిల్లు పడిందన్నాను. నలుగురూ ఒక్కసారిగా ముందుకు వంగారు. తమాషా ఏమిటంటే, ఆ ట్యాంకు గురించి నా 60 పేజీల్లో ఒక్క ముక్క కూడా లేదు!

ఈ జబ్బు నా ఒక్కడిదే కాదు. మాంత్రికుల ఆటలో మంత్రం ఎలా పారిందని ఎవరూ అడగరు. రాకెట్ ఆగిపోతే మాత్రం ఎందుకు ఆగిందని అడుగుతారు. ఆడేవాళ్లలో ఒకరికైనా ఫిజిక్స్ వచ్చి ఉంటుంది. ఆ ఒక్కరికి భయపడి మనం పేజీలకు పేజీలు రాసేస్తాం.

1977లో వచ్చిన ట్రావెలర్ ఆటలో ఆరు ముఖాల పాచికలు రెండు వేస్తారు. కొట్టిన దెబ్బ తగలాలంటే మామూలుగా 8 గానీ అంతకు మించి గానీ పడాలి. (పాత్రను తయారుచేసుకుంటుండగానే ఆ పాత్ర చచ్చిపోయే వీలున్న ఆట కూడా అదే. నాకు భలే ఇష్టం.) నా ఆటని మళ్లీ రాసినప్పుడు ఆ 8ని ఉన్నదున్నట్టు తీసుకున్నాను. రెండు పాచికలు 36 రకాలుగా పడతాయి. వాటిలో 8 గానీ పైన గానీ వచ్చేవి 15, అంటే దాదాపు 42 శాతం. పాత్రకు నైపుణ్యం ఉందని, పడిన అంకెకు ఒకటి కలిపితే 58 శాతం, రెండు కలిపితే 72. నాలుగు కలిపితే 92కి చేరుతుంది, ఇక పాచికలు వేయడం దండగ. అందుకే నా ఆటలో ఎవరికీ రెండుకు మించి ఇవ్వను. ఇరవై ముఖాల పాచిక ఒక్కటే వాడితే ఒకటి కలిపినా మారేది 5 శాతమే, ఆ తేడా ఆడేవాళ్లకు తెలియను కూడా తెలియదు.

మరి 7 గానీ తక్కువ గానీ పడితే? అసలు రూల్ ఇక్కడే ఉంది. ఓడిపోయానని ఒప్పుకోవచ్చు. లేదా ఓడలో మిగిలిన గాలికి గుర్తుగా కాగితం మీద గీసుకున్న ఆక్సిజన్ గళ్లలో ఒకటి కొట్టేసి, పని అయిందనిపించుకోవచ్చు. గళ్లు మొత్తం ఆరు. నైపుణ్యం లేనివాడు తప్పిన ప్రతిసారీ గడి కొట్టేస్తూ పోతే, సగటున పది సార్లు పాచికలు వేసేసరికి ఆరూ అయిపోతాయి. ఒక పూట ఆటకు అది చాలు.

మొదట్లో ఎవరి గళ్లు వాళ్లకే ఇచ్చాను. ఎవరి కాగితం మీదికి వాళ్లు వంగి, మాటాపలుకూ లేకుండా ఆడారు. తర్వాత ఆ ఆరింటినీ అందరికీ ఉమ్మడి చేశాను. అంతే, గొడవ మొదలైంది. "నీ కెమెరా కోసం మా గాలి తగలేస్తావా?" అని ఒకామె పక్కవాడి మీద విరుచుకుపడింది. నేను రాసిన ఏ వాక్యమూ అంత పని చేయలేదు.

ఆయుధాల పట్టిక తీసేశాను. ప్రయాణానికి ఎన్ని రోజులు? కథకు ఎన్ని కావాలో అన్ని. సైన్స్‌లోంచి ఒక్కటే ఉంచుకున్నాను. భూమి నుంచి అంగారకుడికి రేడియో సందేశం చేరడానికి, రెండు గ్రహాల మధ్య దూరాన్ని బట్టి, 3 నుంచి 22 నిమిషాలు పడుతుంది. జవాబు రావడానికి మళ్లీ అంత. దాన్ని ఆటలో ఎలా పెట్టానంటే, భూమిని ఏదైనా అడిగితే, అందరి వంతులూ రెండేసి సార్లు అయ్యాకే గేమ్ మాస్టర్, అంటే ఆట నడిపించే మనిషి, జవాబు చెప్పాలి. కాలిక్యులేటర్‌తో పని లేదు. జవాబు వచ్చేసరికి పరిస్థితి ఎలాగూ మారిపోయి ఉంటుంది.

ఇప్పుడు రూల్స్ అన్నీ కాగితానికి ఒకవైపే సరిపోతాయి. మొన్న ఆడినప్పుడు ఒక్క గడి మిగిలింది. ఇంజన్ గదిలో ఒకతను ఇరుక్కుపోయాడు. తలుపు తెరవడానికి పాచికలు వేస్తే 7 పడింది. గడి కొట్టాలా వద్దా అని ఇరవై నిమిషాలు వాదించుకున్నారు. లోపల ఇరుక్కున్న పాత్ర ఎవరిదో అతనే అందరికన్నా ముందు "వద్దు" అన్నాడు. తలుపు తెరవలేదు.